డిసెంబరులో వచ్చే అదనపు వారం

ఐర్లండ్‌లో సంక్షేమ భృతులు చాలావరకు వారం వారం చేతికందుతాయి. వాటి మీద దీర్ఘకాలంగా ఆధారపడిన వృద్ధులకు, వికలాంగులకు, సంరక్షకులకు, పిల్లలను ఒంటరిగా పెంచుకుంటున్న తల్లిదండ్రులకు డిసెంబరులో మరో వారం మొత్తం అదనంగా జమ అవుతుంది; దానినే అక్కడ క్రిస్మస్ బోనస్ అంటారు. కొత్తగా ఉద్యోగం పోయినవారికి సాధారణంగా ఇది రాదు.

ఈ బోనస్ చట్టం హామీ ఇచ్చిన హక్కు కాదు, ఏటా ప్రభుత్వం తీసుకునే నిర్ణయం; నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే. 1980లో మొదలైన ఈ చెల్లింపును, ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చిన 2009లో ఆపేశారు. 2014లో వారపు భృతిలో 25 శాతంగా తిరిగి మొదలుపెట్టి, మరుసటి ఏడాది 75 శాతానికి, ఆపై 85 శాతానికి పెంచి, 2018లో గాని మళ్లీ పూర్తి వారానికి చేర్చలేదు. అంటే, ఖర్చులకు వెసులుబాటు అందరికంటే తక్కువగా ఉన్న కుటుంబాలే కష్టకాలంలో దానిని ముందుగా కోల్పోయాయి.

బ్రిటన్‌లో కథ మరోలా ఉంది. అక్కడి క్రిస్మస్ బోనస్‌కు చట్టం అండ ఉంది, కానీ 1972లో నిర్ణయించిన 10 పౌండ్లు ఈనాటికీ 10 పౌండ్లే. (ఆనాటి 10 పౌండ్లకు కొంత విలువ ఉండేది.) పైగా, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ అనే భృతి ఒక్కటే పొందుతున్నవారికి ఆ కాస్త కూడా అందదు.