మూడు నెలలకోసారి మాయమయ్యే సర్టిఫికెట్

అక్టోబర్ ముసురులో, కావలిలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని నా జావా కోడ్‌కి బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) కొట్టాను. ఎర్రగా వచ్చింది. 'పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్' అట. వానకి నెట్ పోయిందనుకుని కేబులాయన్ని పిలిపించా. పాపం తడుసుకుంటా వచ్చి, వైరంతా చూసి, "నెట్ బాగానే ఉందినా, నీ కంప్యూటర్లోనే ఏందో ఉండాది" అనేసి పోయాడు. ఆయన మాటే నిజం.

ఒంగోలు నుంచి పనిచేసే మా టీమ్ అన్నకి ఫోన్ చేస్తే ఒకటే అడిగాడు: "జావా అప్‌డేట్ చేసినావా?"

చేశాను, ముందురోజు రాత్రే. మా ఆఫీసు ప్రాక్సీ (మాకూ నెట్‌కీ మధ్యలో ఉండే కంప్యూటర్) బయటి సైట్ల సర్టిఫికెట్లు, అంటే గుర్తింపు పత్రాలు, తీసేసి తన సంతకంతో కొత్తవి ఇస్తుంది. ఆ సంతకాన్ని నమ్మమని జావాకి చెప్పాలంటే కంపెనీ రూట్ సర్టిఫికెట్‌ని (ఆ సంతకానికి మూలమైన పత్రాన్ని) కీటూల్ అనే జావా పనిముట్టుతో, జావా నమ్మే సర్టిఫికెట్ల జాబితా అయిన 'సీఏసర్ట్స్' ఫైల్లో ఎక్కించాలి. దాని పాస్‌వర్డ్ 'చేంజ్ ఇట్'. మార్చమని పేరులోనే ఉన్నా మార్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆ ఫైలేమో జేడీకే (జావా కిట్) ఫోల్డర్ లోపలే ఉంటుంది. కొత్త వెర్షన్ కొత్త ఫోల్డర్లో దిగుతుంది, దాని సీఏసర్ట్స్ దానిదే; మనం ఎక్కించింది అందులో ఉండదు, అందుకే ఆ ఎర్రర్. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్: ఏడాదికి నాలుగుసార్లు ఇదే తంతు.

ఈసారి సర్టిఫికెట్‌ని జావా ఇంట్లో కాకుండా నా ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు ఇంట్లోనే పెడదామనుకున్నా. యూఎస్‌ఆర్-లోకల్-షేర్ కింద సీఏ-సర్టిఫికెట్స్ ఫోల్డర్లో వేసి 'అప్‌డేట్-సీఏ-సర్టిఫికెట్స్' కొడితే '0 యాడెడ్' అంది. అరగంట జుట్టు పీక్కున్నా. ఫైలు పేరు చివర డాట్ పెమ్ ఉంది; దానికి డాట్ సీఆర్‌టీ అయితేనే కంటికి ఆనుతుంది! పేరు మార్చగానే 1 యాడెడ్.

అయినా జావా వినలేదు. ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్ ఆప్ట్‌తో వేసిన ఓపెన్‌జేడీకే అయితే సిస్టమ్ జాబితానే చూస్తుంది. నాది జావా వెర్షన్లు దించిపెట్టే ఎస్‌డీకేమ్యాన్‌తో దించింది, దాని జాబితా దానిదే. జావా టూల్ ఆప్షన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్లో (ప్రోగ్రాములు మొదలయ్యేటప్పుడు చదివే సెట్టింగులో) ట్రస్ట్‌స్టోర్‌ని, అంటే నమ్మే జాబితాని, ఈటీసీ-ఎస్‌ఎస్‌ఎల్-సర్ట్స్-జావా కింది ఫైలుకి తిప్పాక దారికొచ్చింది. అంతకుముందు సీఏసర్ట్స్‌ని నా హోమ్ ఫోల్డర్లోకి కాపీ చేసి వాడదామనీ అనుకున్నా గానీ, అప్పుడు లోకంలోని మిగతా రూట్ సర్టిఫికెట్లు కూడా ఆ తేదీ దగ్గరే ఆగిపోతాయి.

పైథాన్‌దీ ఇదే కథ. దాని ఇన్‌స్టాలర్ పిప్‌తో, సర్టిఫికెట్ల జాబితా ఉండే సర్టిఫై ప్యాకేజీ మారినప్పుడల్లా మనం చేర్చింది గాలికి పోతుంది. రిక్వెస్ట్స్ సీఏ బండిల్ వేరియబుల్‌ని సిస్టమ్ ఫైలుకి చూపించా. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌కి నోడ్ ఎక్స్‌ట్రా సీఏ సర్ట్స్ వేరియబుల్. రెండూ కలిపి అయిదు నిమిషాల పని.

సంక్రాంతి వెళ్లాక జనవరి అప్‌డేట్ వచ్చింది. వేశా. బిల్డ్ పచ్చగా వచ్చింది. ఆ ధైర్యంతో, కోడ్ మార్పులు దాచే గిట్ సెట్టింగులు తెరిస్తే, ఎప్పుడో ఒక్కరోజుకని ఆపిన ఎస్‌ఎస్‌ఎల్ వెరిఫై (సర్టిఫికెట్ తనిఖీ) ఇంకా ఫాల్స్ అనే ఉంది. ఎన్ని నెలలు తలుపు తీసిపెట్టుకుని నిద్రపోయానో! ఎవరికీ చెప్పకుండా ఆ లైను చెరిపేశా.