ఔలీ మంచులో ఎడమ బూటు

ఉత్తరాఖండ్ కొండల్లోని ఔలీలో స్కీయింగ్, అంటే కాళ్లకు పొడవాటి పలకలు (స్కీలు) కట్టుకుని మంచు మీద జారడం, నేర్చుకుని విజయనగరం తిరిగొచ్చి మూడు రోజులైంది. ఎడమ మోకాలు ఇంకా మెట్లెక్కనివ్వడం లేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు. సమతా ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కడి నుంచి హరిద్వార్, ఆపైన జీపులో జోషీమఠ్. 2023లో ఆ ఊళ్లో ఇళ్లు బీటలు వారినప్పుడు రోప్‌వే ఆపేశారు, అందుకని ఔలీకి ట్యాక్సీలో ఎక్కాం. గంటస్తంభం దగ్గర కొన్న ఉన్ని గ్లౌజులు మాత్రం తీసుకెళ్లకండి. మొదటి గంటలోనే తడిసి ముద్దయ్యాయి.

అసలు కథ స్కీలు అద్దెకిచ్చే కొట్టులో మొదలైంది. కాలి సైజు అడిగితే ఎనిమిది అన్నాను. ఏదో జత నా ముందు పడేశాడు. స్కీ బూట్లకు పాదం పొడవును సెంటీమీటర్లలో చూస్తారని అతను చెప్పలేదు, నాకు తెలియదు. బూటులో నా పాదం డబ్బాలో గోలీలా కొట్టుకుంటోంది. మార్చమంటే, బిగించుకోమన్నాడు. వెళ్లేవాళ్లు ఇంట్లోనే స్కేలుతో పాదం కొలుచుకోండి. డబ్బు మాత్రం ముందే ఇవ్వకండి.

2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగిన కొండ అది. మేం ఓ అంచున, పిల్లలు నేర్చుకునే చోట నిలబడ్డాం. బూటు ముక్కును బైండింగ్‌లో, అంటే స్కీ మీద బూటును పట్టి ఉంచే బిగింపులో, దూర్చి మడమతో తొక్కితే టక్కుమని పట్టుకోవాలి. కుడికాలిది పట్టుకుంది. ఎడమది పట్టుకోలేదు. తొక్కాను. ఎగిరి తొక్కాను. వెల్లకిలా పడ్డాను. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి, చుట్టూ పదిహేను మంది జనం.

"బావా, బరువు చాలడం లేదేమో" అన్నాడు మా బావమరిది. నా బరువు ఎనభై రెండు కిలోలు.

శిక్షకుడు దూరం నుంచి "బర్ఫ్ నికాలో" అని అరిచాడు. హిందీ ప్రాథమిక పరీక్షలో ఫస్టుక్లాసు వాణ్ణి, మంచు తీయమంటున్నాడని అర్థమైంది. మోకాళ్ల మీద కూర్చుని స్కీ చుట్టూ ఉన్న మంచంతా రెండు చేతులతో తోడిపోశాను. అక్షరాలా ఇరవై నిమిషాలు. చివరికి తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె వచ్చి, నా పిక్క మీద కర్రతో తట్టి కాలెత్తమంది. బూటు అడుగున రెండు వేళ్ల మందాన మంచు ఇటుకలా గట్టిపడి ఉంది. అడుగు అంత మందమైతే మడమ పట్టు ఎలా పడుతుంది? ఆ పిల్ల కర్ర మొనతో గీకేసింది. తొక్కాను. టక్.

నేను ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను.

మిగతా రోజులు సులువే. స్కీల ముక్కులు దగ్గరగా, మడమలు దూరంగా పెడితే వేగం తగ్గుతుంది. పడితే స్కీలను వాలుకు అడ్డంగా తిప్పుకుని లేవాలి, కిందికి చూపిస్తూ లేస్తే మళ్లీ జారతారు. ఐదో రోజు నేను ఒక్కసారి కూడా పడకుండా దిగాను. మా బావమరిది నాలుగుసార్లు పడ్డాడు. వీడియో ఉంది.

తిరిగిచ్చేటప్పుడు కొట్టువాడు బూటు మీద గీత చూపించి మూడొందలు అడిగాడు. ఆ గీత మొదటి రోజే ఉంది. పైసా ఇవ్వలేదు. పోట్లాడడానికి మాత్రం నా హిందీ సరిపోయింది.