నేల ఉసిరి, నా లివర్

నాకు హెపటైటిస్ బి ఉందని రెండో కాన్పప్పుడే తెలిసింది. అప్పటి నుంచి ఆరు నెలలకోసారి స్కాన్, లివర్ క్యాన్సర్ జాడ చూసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేయించుకుంటూనే ఉన్నాను, కాబట్టే క్యాన్సర్ గడ్డ మూడు సెంటీమీటర్లు దాటకముందే బయటపడింది. మిగతా లివర్ బాగానే ఉండటంతో ఆ భాగం వరకు కోసి తీసేశారు.

విషయం తెలిసిందో లేదో, ఇంటికి మందుల వరస మొదలైంది. మా పెద్దమ్మ ఖమ్మం దగ్గర మా ఊరి నుంచి నేల ఉసిరి మొక్కలు వేళ్ళతో సహా పీక్కొచ్చి, కడిగి, రోట్లో నూరి, మజ్జిగలో కలిపి గ్లాసు నా చేతికిచ్చింది. "పరగడుపున తాగవే, గడ్డలన్నీ కరిగిపోతయ్" అంది. మరిది పసుపు సారం క్యాప్సూళ్ళు తెచ్చాడు. పక్కింటి ఆంటీ తిప్పతీగ చూర్ణం, ఇంకెవరో లివర్‌కి మంచిదని వాడే సైలిమారిన్ మాత్రలు. దేన్నీ నోట్లో వేసుకోకుండా అన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాను.

ఆయన విసుక్కోలేదు, ఒక్కో డబ్బా మీది అక్షరాలు చదివారు. పసుపు క్యాప్సూల్‌లో ఒంటికి బాగా పట్టడానికి మిరియాల నుంచి తీసిన పైపెరిన్ కలుపుతారట, అలాంటివి వాడి లివర్ దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారని పక్కన పెట్టేశారు. కూరలో పసుపు మామూలుగానే వేసుకోమన్నారు. తిప్పతీగ అసలే వద్దన్నారు, కరోనా రోజుల్లో అది తాగి లివర్ పాడైన కేసులను ముంబై డాక్టర్లు 2021లో బయటపెట్టారు. సైలిమారిన్ కావాలంటే వేసుకోవచ్చు, కానీ అది క్యాన్సర్ మందు కాదు అన్నారు.

నేల ఉసిరి గురించే నేను ఎక్కువసేపు అడిగాను, ఎందుకంటే మా ఊళ్ళో కామెర్లు వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ పసరు తాగి లేచినవాళ్ళే. ఆ కామెర్లు చాలావరకు హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వల్ల వస్తాయట, ఎక్కువమందికి వాటంతటవే తగ్గిపోతాయి, పేరు పసరుకు వస్తుంది. హెపటైటిస్ బి మీద 1988లో మద్రాసు పరిశోధకులు ఈ మొక్కతో మంచి ఫలితాలు చూశామని రాశారు, తర్వాత వేరే చోట్ల చేస్తే అలా రాలేదు. మొక్కలంటే నాకు చిన్నచూపేం లేదండీ, వింక్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచే వచ్చింది. అయితే దాన్ని ఆకు నూరి తాగించరు, మిల్లీగ్రాముల్లో కొలిచి నరానికి ఎక్కిస్తారు. పసరులో ఎంత మందు ఉందో ఎవరు కొలిచారు? ఆపరేషన్ అయిన లివర్ మీద ఆ ప్రయోగం నాకు వద్దనిపించింది.

పెద్దమ్మ చిన్నబుచ్చుకుంది, రెండు రోజులు మాట్లాడలేదు కూడా. తర్వాత తనే వంటింట్లోకి దూరి, నాకు అన్నం సయించని రోజుల్లో శొంఠిపొడి, కాస్త నెయ్యి వేసి మొదటి ముద్ద కలిపి పెట్టేది, అది లోపలికి పోయేది.

హెపటైటిస్ బి వైరస్‌ను అణిచిపెట్టే నా టెనోఫోవిర్ మాత్ర మాత్రం రోజూ వేసుకోవాల్సిందే, సొంతంగా మానేస్తే వైరస్ మళ్ళీ విజృంభిస్తుంది. ఇది అమ్మ నుంచి వచ్చి ఉండొచ్చని ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించాం. తమ్ముడికి పాజిటివ్. వైరల్ లోడ్ ఎక్కువగా ఉండటంతో వాడికీ అదే మాత్ర మొదలుపెట్టారు, మరదలికీ పిల్లలకీ టీకాలు వేయిస్తున్నాం.