సెడోనాలో ఇల్లు, ఫీనిక్స్‌లో చట్టం

అరిజోనా రాష్ట్ర రాజధాని ఫీనిక్స్ నుంచి ఐ-17 రహదారి మీద రెండు గంటలు ఉత్తరానికి వెళ్తే సెడోనా. చాండ్లర్‌లో ఉంటున్న తమ్ముడి కుటుంబం, మేము, అమ్మ కలిసి వెళ్లాం. పొద్దున ఉప్మా, రాత్రి మజ్జిగన్నం లేకపోతే అమ్మకు ఎంతటి కొండలూ ఆనవు. హోటల్‌లో అది జరిగే పని కాదని పశ్చిమ సెడోనాలో వంటగది ఉన్న ఇల్లు ఒకటి తీసుకున్నాం.

ఎర్రరాతి కొండల గురించి ఎంత చదివినా ఎదురుగా చూడడం వేరు. కెథీడ్రల్ రాక్ దగ్గరికి నగరం నడిపే ఉచిత షటిల్‌లో వెళ్లాం. అది తిరిగే రోజుల్లో కొండ కింద కార్లు నిలపనివ్వరు. ఎక్కుడు బాట కొన్నిచోట్ల చేతులు ఆనించి పాకవలసినంత నిటారుగా ఉంది. తమ్ముడి కూతురు అందరికంటే ముందు ఎక్కేసి పైనుంచి మా ఆయాసాన్ని వెక్కిరించింది.

సాయంత్రం చెత్తబుట్టలు ఏ రోజు బయట పెట్టాలో తెలియక పక్కింటి పెద్దాయనను అడిగాను. చెప్పాడు. మాటల్లో తన ఇంటికి అటూ ఇటూ ఉన్నవి, ఎదురుగా ఉన్నది, మూడూ ఇలా రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇళ్లేనన్నాడు. "మీరంటే నాకు కోపం లేదు. ఒంట్లో బాగాలేకపోతే తలుపు తట్టడానికి ఎవరున్నారో వారం వారం చూసుకోవలసి వస్తోంది, అదే బాధ" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

ఒకప్పుడు సెడోనా నివాస ప్రాంతాల్లో 30 రోజుల కంటే తక్కువకు ఇల్లు అద్దెకివ్వడం నిషేధం. 2016లో అరిజోనా చట్టసభ ఎస్‌బీ 1350 అనే చట్టం తెచ్చింది, గవర్నర్ డగ్ డ్యూసీ సంతకం చేశారు. ఇలాంటి అద్దెలను ఏ నగరమూ, ఏ కౌంటీ నిషేధించకూడదని దాని సారాంశం. ఫీనిక్స్‌కూ, పదివేల జనాభా ఉన్న సెడోనాకూ ఒకే కొలత! గొడవలు ముదిరాక 2022లో కాస్త సడలించారు. అద్దెకిచ్చేవారిని నగరం పర్మిట్ అడగవచ్చు, దానికి 250 డాలర్ల దాకా రుసుము తీసుకోవచ్చు, పదే పదే తప్పు చేసినవారి పర్మిట్ నిలిపివేయవచ్చు. ఊళ్లో ఇలాంటి ఇళ్లు ఇన్నే ఉండాలనే హద్దు మాత్రం నగరం పెట్టకూడదు. ఆ అధికారం కోరుతూ వచ్చిన బిల్లులు గట్టెక్కలేదు.

ఈ ఊళ్లో మెక్‌డొనాల్డ్స్ గుర్తులోని కమానులు కూడా పసుపు కాదు, నీలిపచ్చ. ఎర్ర కొండల ముందు పసుపు నప్పదని నగరం పట్టుబట్టింది. నక్షత్రాలు కనబడాలని ఇంటి బయటి దీపం ఎటు తిరిగి ఉండాలో కూడా చెబుతుంది. ఇంతటి పట్టుదల ఉన్న ఊరికి తన వీధుల్లో ఎన్ని ఇళ్లు కాపురాలకు మిగలాలో నిర్ణయించే హక్కు లేదు. చుట్టూ కొకోనినో జాతీయ అటవీభూమి, కొత్త ఇళ్లకు చోటు తక్కువ. 2024లో, ఇక్కడ పనిచేస్తూ కార్లలో నిద్రపోయేవారికి రాత్రిపూట బండి నిలుపుకునే స్థలం ఇస్తామని నగర మండలి నిర్ణయించింది. నవంబరులో ఓటర్లు దాన్ని తిప్పికొట్టారు. అధికారం ఊరి చేతికి వస్తే అన్నీ చక్కబడతాయని నేను అననిది అందుకే.

రాత్రి తమ్ముడు వాదనకు దిగాడు. "ఇల్లు వాళ్లది అక్కా, ఎవరికి అద్దెకిస్తే ఎవరికేం? రిటైరైనవాళ్లు ఆ డబ్బుతోనే పన్ను కట్టుకుంటున్నారు." అదీ నిజమే. పూర్తిగా నిషేధించకుండా రాష్ట్రం అడ్డుపడితే నాకు అభ్యంతరం లేదు. ఎన్ని ఉండాలో మాత్రం అక్కడ బతికేవాళ్లు తేల్చుకోవాలి.

"అప్పుడు ఇళ్లు తగ్గి అద్దె రెట్టింపవుతుంది, అమ్మ ఉప్మా ఎక్కడ?" అన్నాడు.

"అలాగైతే పక్క ఊరు కాటన్‌వుడ్‌లో దిగేవాళ్లం" అన్నాను. 20 మైళ్ల దూరం. పొద్దున మాకు కాఫీ ఇచ్చిన అమ్మాయి రోజూ అక్కడి నుంచే వస్తోందట, ఇక్కడి అద్దె కట్టలేక. ఆ మాట అనగానే అమ్మ "అయితే ఈసారి అక్కడే దిగుదాం, వంటగది ఉందో లేదో ముందు కనుక్కో" అని తమ్ముడికి పురమాయించింది.