స్క్రమ్‌లో మొదట తేల్చుకోవలసింది: ఏ పని పూర్తయినట్టు?

హైదరాబాదులోని మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలలో కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి స్టాండప్, స్ప్రింట్, రెట్రో, జిరా అనే మాటలు మొదటి వారంలోనే చెవిన పడతాయి. ఏ సమావేశానికి ఎప్పుడు హాజరు కావాలో క్యాలెండరే చెబుతుంది గాని, అవి ఎందుకు పెట్టుకున్నారో కూర్చోబెట్టి చెప్పేవారు అరుదు. మా టీములోకి వచ్చే కొత్తవారికి నేను చెప్పే విషయాలనే ఇక్కడ రాస్తున్నాను. స్క్రమ్ అంటే పనిని స్ప్రింట్ అనే కొద్ది వారాల విడతలుగా విభజించి చిన్న టీముతో చేసే పద్ధతి. నా దృష్టిలో అది మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ కొద్ది వారాలలో, వాడేవారి చేతికి నిస్సంకోచంగా ఇవ్వగలిగినంతగా మనం పూర్తి చేసినది ఏమిటి?

ఈ ఆలోచనకు మూలం సాఫ్ట్‌వేర్ రంగంలో లేదు. హోండా, కానన్ వంటి కంపెనీలలో కొత్త ఉత్పత్తులను రూపొందించిన బృందాలను పరిశీలించి, హిరోటాకా తకేయుచి, ఇకుజిరో నొనాకా 1986లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశారు. ఒక విభాగం తన వంతు ముగించి తరువాతి విభాగానికి అప్పగించే పాత పద్ధతిని విడిచిపెట్టి, అన్ని విభాగాలవారూ మొదటినుంచి చివరివరకు కలిసి పనిచేయడం వల్లనే ఆ బృందాలు వేగాన్ని సాధించాయని వారు గమనించారు. ఆ తరువాత జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ దీనిని సాఫ్ట్‌వేర్‌కు అన్వయించి, 1995లో ఊప్స్‌లా (OOPSLA) అనే సాఫ్ట్‌వేర్ సదస్సులో స్క్రమ్‌ను ప్రకటించారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మార్పులకు తగ్గట్టు సాఫ్ట్‌వేర్ తయారుచేసే పద్ధతుల మూల సూత్రాలను ప్రకటించిన ఎజైల్ మేనిఫెస్టో రాసిన 17 మందిలో వీరిద్దరూ ఉన్నారు. వీరు రాసిన స్క్రమ్ గైడ్ మొదట 2010లో వచ్చింది. 2020 నాటి కూర్పు పదిహేను పేజీలు కూడా దాటదు, ఉచితంగా దొరుకుతుంది. సర్టిఫికేషన్ కోసం డబ్బు కట్టే ముందు దానిని ఒకటికి రెండుసార్లు చదవమని నేను అందరికీ చెబుతాను.

స్క్రమ్ టీములో సాధారణంగా 10 మందికి మించి ఉండరు. అందులో ప్రోడక్ట్ ఓనర్ ఒక్కరే ఉండాలి. చేయవలసిన పనుల జాబితా అయిన ప్రోడక్ట్ బ్యాక్‌లాగ్‌లో ఏది ముందు, ఏది వెనుక అన్న నిర్ణయం ఆ వ్యక్తిదే. పై అధికారులైనా, సేల్స్ విభాగమైనా తమకు కావలసినదానిని ఆయననో ఆమెనో ఒప్పించి చేర్పించుకోవాలి తప్ప, నేరుగా డెవలపర్ దగ్గరకు వచ్చి పని పురమాయించకూడదు. డెవలపర్లు అంటే కోడ్ రాసేవారు మాత్రమే అనుకోవద్దు; టెస్టింగ్ చేసేవారు, డిజైన్ చేసేవారు కూడా ఈ లెక్కలోకే వస్తారు. ఈ పద్ధతి టీముకు అర్థమై సక్రమంగా అమలయ్యేలా చూడడం, పనికి ఎదురయ్యే అడ్డంకులు తొలగేలా చేయడం స్క్రమ్ మాస్టర్ బాధ్యత. స్క్రమ్ మాస్టర్ మేనేజర్ కాదు కనుక ఎవరికి ఏ పని అన్నది పంచిపెట్టడు.

స్ప్రింట్ నెలకు మించకూడదు. ఎక్కువ టీములు రెండు వారాలు పెట్టుకుంటాయి. స్ప్రింట్ ప్లానింగ్‌లో ముందుగా ఈ స్ప్రింట్ ఎందుకు విలువైనదో ఒక్క వాక్యంలో స్ప్రింట్ గోల్‌గా రాసుకుని, ఆ తరువాతే ఏ పనులు తీసుకోవాలి, వాటిని ఎలా చేయాలి అన్నది చర్చించుకోవాలి. చాలా టీములు ఈ గోల్‌ను వదిలేసి, పనులను నమోదు చేసుకునే జిరా సాఫ్ట్‌వేర్‌లో టికెట్లు, అంటే ఒక్కొక్క పని చీటీలు, లాగి పెట్టుకోవడంతో ప్లానింగ్ ముగిస్తాయి. అప్పుడు మధ్యలో ఏదైనా చిక్కు వస్తే దేనిని వదులుకోవచ్చో, దేనిని వదులుకోకూడదో తేల్చడానికి ఆధారం ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది డెఫినిషన్ ఆఫ్ డన్ మీద, అంటే ఏ షరతులు నెరవేరితే పని పూర్తయినట్టో చెప్పే జాబితా మీద. ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ కోసం యాప్ చేస్తున్న టీమును ఊహించండి. రిపోర్టు సిద్ధం కాగానే రోగి ఫోనుకు తెలుగు పీడీఎఫ్ వెళ్లాలన్నది బ్యాక్‌లాగ్‌లోని ఒక పని. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో అది చక్కగా పనిచేసింది, స్టాండప్‌లో అయిపోయిందన్నారు. టెస్టింగ్ సర్వర్‌లో తెరిచి చూస్తే, పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీ తెలుగు ఒత్తులను సరిగా కూర్చలేక ‘క్రియాటినిన్’లోని క్రావడిని విడదీసి పక్కన పెట్టింది, ‘రక్తం’లో తవొత్తు స్థానంలో ఖాళీ డబ్బా కనబడింది. ఇప్పుడు ఆ పని అయిందా, కాలేదా? దీనికి జవాబు ఎవరి అభిప్రాయం మీదా ఆధారపడకూడదు. కోడ్‌ను మరొకరు సమీక్షించాలి, ఆటోమేటెడ్ టెస్టులన్నీ పాసవ్వాలి, టెస్టింగ్ సర్వర్‌లో అందరి కోడ్‌తో కలిపి నడవాలి, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోనులో కూడా తెలుగు అక్షరాలు సరిగా కనబడాలి అని టీము ముందే రాసిపెట్టుకుంటే, జవాబు అందరికీ ఒకేలా తెలుస్తుంది. ఈ షరతులు నెరవేరనిదానిని స్ప్రింట్ రివ్యూలో చూపించనే కూడదని, అది తిరిగి ప్రోడక్ట్ బ్యాక్‌లాగ్‌లోకి వెళ్లాలని గైడ్ స్పష్టంగా చెబుతుంది. ఎనభై శాతం అయిందన్న లెక్క స్క్రమ్‌లో లేదు. ఇది కఠినంగా కనిపించవచ్చు గాని, రిలీజుకు ముందురాత్రి బయటపడే దాచిన పనిని రెండో వారంలోనే బయటకు తెచ్చేది ఈ కఠినత్వమే, అందుకే దీనిని నేను ఎంతో విలువైనదిగా భావిస్తాను.

మిగిలిన సమావేశాలు దీనికి ఆసరాగా నిలిచేవే. స్టాండప్ అని పిలిచే డైలీ స్క్రమ్ 15 నిమిషాలు; స్ప్రింట్ గోల్ వైపు ఎంతవరకు వచ్చామో చూసుకుని ఆనాటి పనిని సర్దుకోవడానికి డెవలపర్లు పెట్టుకునే సమావేశం అది. నిన్న ఏం చేశాను, ఈరోజు ఏం చేస్తాను, అడ్డంకులేమిటి అనే మూడు ప్రశ్నలను 2020 కూర్పు తొలగించింది. అవి మేనేజరుకు హాజరు చెప్పుకునే తంతుగా మారిన టీములు ఎన్నో ఉన్నాయి కనుక, ఆ తొలగింపు సరైనదేనని నా అభిప్రాయం. స్ప్రింట్ రివ్యూలో పూర్తయిన పనిని సంబంధితులకు నడిపి చూపించి, వారి మాట విని బ్యాక్‌లాగ్‌ను మార్చుకుంటారు. చివరగా జరిగే రెట్రోలో టీము తాను పనిచేసిన తీరును పరిశీలించుకుంటుంది. అక్కడ పది ఫిర్యాదులు రాసుకోవడం కంటే ఒక్క మార్పును ఎంచుకుని తరువాతి స్ప్రింట్‌లోనే అమలు చేయడం మేలు.

పని పరిమాణాన్ని అంచనా వేసే స్టోరీ పాయింట్లు, ఒక స్ప్రింట్‌లో టీము పూర్తిచేసే పాయింట్ల లెక్క అయిన వెలాసిటీ గైడ్‌లో ఎక్కడా లేవు. అవి అంచనాకు పనికివస్తే వాడుకోవచ్చు గాని, ఒక టీము వెలాసిటీని మరొక టీముతో పోల్చడం అన్యాయం. పోలిక మొదలైన రోజునే అంకెలు పెరుగుతాయి, పని పెరగదు.

ప్రతి పనికీ స్క్రమ్ సరిపడదు కూడా. ఇప్పటికే వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలను చూసే ప్రొడక్షన్ సపోర్టులో ఏ గంటకు ఏ సమస్య వస్తుందో తెలియదు. అక్కడ రెండు వారాల గోల్‌కు కట్టుబడమనడం ఉద్యోగులను ఇబ్బంది పెట్టడమే అవుతుంది. అటువంటి టీము ఒకేసారి చేతిలో ఉంచుకునే పనుల సంఖ్యకు హద్దు పెట్టే కాన్‌బాన్ అనే పద్ధతితో మొదలుపెట్టడం మంచిది.