అదే గీత, రెండింతల మందు

నిన్న రాత్రి పాపకు జలుబు, జ్వరం. పారాసెటమాల్ సిరప్ అయిపోతే కొత్త సీసా తెచ్చాను. అలవాటుగా కొలత మూతలో అదే గీత వరకూ పోయబోతూ లేబుల్ చూశాను. పాతదానిలో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, దీనిలో 250! చెయ్యి వణికింది. వెంటనే డాక్టరుకు ఫోను చేసి, పాప బరువు చెప్పి మోతాదు అడిగాను.

"జలుబు సిరప్ కూడా ఇస్తున్నారా?" అన్నారు. ఇస్తున్నాను. దానిలోనూ పారాసెటమాల్ ఉందని అప్పుడే చదివాను. రెండూ కలిసి మోతాదు మించితే కాలేయానికే ముప్పు. పైగా దానిలో క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ అనే జలుబు మందులు ఉన్నాయి. ఆ రెండూ కలిసిన మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే చెప్పిందట. పాపకు మూడేళ్లే. ఆ సీసా అప్పుడే పారబోశాను. తెల్లవారేదాకా పాప పక్కనే కూర్చున్నాను.