‘అసలు ఊలు ఎవరడుగుతరు?’

ఈ రాత్రి నిద్ర పట్టకపోవడానికి చలి కారణం కాదు. హనుమకొండలో ఒక దుకాణదారు సాయంత్రం అన్న మాట ఇంకా చెవిలోనే ఉన్నది. అత్తమ్మా, చిన్నోడూ పడుకొని చాలాసేపయింది. ఈయన సంగతి మీకు తెలిసిందే, పిడుగు పడ్డా లేవరు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

పొద్దున వరంగల్ కొత్తవాడకు వెళ్లి, బడిలో మాకు అల్లిక నేర్పిన క్రాఫ్ట్ టీచరమ్మను చూసి వచ్చాను. వట్టి చేతులతో వెళ్లడం ఇష్టం లేక, నిన్ననే లేత బూడిద రంగు ఊలు ఉండలు కొని పెట్టుకున్నాను. ఒక్కో ఉండకు చుట్టిన చీటీ మీద గొర్రెపిల్ల బొమ్మ, దాని కింద ‘100 శాతం ప్యూర్ ఊల్’ అన్న అక్షరాలు ఉన్నాయి. ధర కూడా ఆ అక్షరాలకు తగ్గట్టుగానే ఉన్నది. టీచరమ్మ ఒక ఉండను చేతిలోకి తీసుకొని, కొస లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతూ చెవి దగ్గర పెట్టుకున్నారు. సన్నగా కిర్రుమన్నది. ‘బిడ్డా, చీటీ మీద గొర్రె ఉన్నది గని, ఈ దారం గొర్రెను సూడనే లేదు’ అన్నారు.

నేను నమ్మలేకపోతుంటే, అగ్గిపెట్టె తెచ్చి రెండు పోగులను పళ్లెంలో పెట్టి వెలిగించారు. మొదటిది ఆమె పాత స్వెట్టర్ నుంచి తీసిన పోగు. అది మంట తగలగానే ముడుచుకొని, వెంట్రుకలు కాలిన వాసన వేసి, మంట తీయగానే దానంతట అదే ఆరిపోయింది. మిగిలిన బూడిదను వేలితో తాకితే పొడి అయింది. నేను కొన్న దారం మాత్రం కరిగి కారుతూ, నల్లటి పొగతో మండి, చివరకు గట్టి పూస లాగా పళ్లానికి అంటుకుపోయింది. అది పూర్తిగా యాక్రిలిక్, అంటే పెట్రోలియం నుంచి వచ్చే రసాయనంతో తీసిన పోగు. నిజమైన ఉన్నికి ఇచ్చే వూల్‌మార్క్ ముద్ర 1964 నుంచి ఉన్నది. ఆ చీటీ మీద దాని జాడే లేదు.

సాయంత్రం తిరుగు దారిలో ఆ దారం కొన్న దుకాణంలోనే దిగాను. డబ్బు వెనక్కి అడగడానికి కాదు, చీటీ మీద అబద్ధం ఎందుకు ఉన్నదో తెలుసుకోవడానికి వెళ్లాను. అతడు కోపగించుకోలేదు, క్షమించమని అడగనూ లేదు. ‘మేడం, ఇది ఎన్నిసార్లు ఉతికినా ఖరాబు కాదు, పురుగు పట్టది. మన ఎండలకు అసలు ఊలు ఎవరడుగుతరు?’ అని, వెనుక నిలబడిన మరొకరికి లేసు చూపించడానికి తిరిగిపోయాడు. మోసపోయిన డబ్బు కన్నా ఈ ప్రశ్నే నన్ను ఎక్కువ బాధపెడుతున్నది. నేను అడిగాను కదా! డబ్బు చేతిలో పట్టుకొని, నోరు తెరిచి, ఉన్ని కావాలనే అడిగాను. అడిగిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, అడిగేవారే లేరని చెప్పడం ఏ రకమైన వ్యాపారం? మందుల సీసా మీద ఇలాంటి చీటీ ఉంటే ఊరుకుంటామా? దారమే కదా అని ఊరుకోమంటే నా మనసు ఒప్పుకోవడం లేదు, ఎందుకంటే ఒక స్వెట్టర్ అల్లడానికి ఒక ఆడమనిషి తన చలికాలపు రాత్రులన్నీ పోస్తుంది, ఆ రాత్రులు దేని మీద పోస్తున్నదో తెలుసుకొనే హక్కు ఆమెకు ఉన్నది.

అడిగేవారు లేరన్న మాటకు మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. జనగామ దిక్కున, ఇంటి వెనుకే గొర్రెలు కాసే కురుమల వాడ. అక్కడ దక్కనీ గొర్రెలకు ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరించేవారు. ముసలమ్మలు దాన్ని ఏకి, అరుగుల మీద కూర్చొని, రాట్నం తిప్పుతూనే కోడళ్లకు పనులు చెప్పేవారు. వాడకట్టు పొడవునా నల్లటి పడుగు, అంటే నిలువు పోగులు, సాగదీసి, ఉడకబెట్టిన చింతగింజల గంజిని కుంచెతో పట్టిస్తుంటే, మేము దాని కింది నుంచి దూరి అవతలికి ఉరికి తిట్లు తినేవాళ్లం. ఆరిన పడుగు గుంట మగ్గానికి ఎక్కితే గొంగడి దిగేది. దానికి రంగు వేయరు. గొర్రె నలుపే గొంగడి నలుపు. మా తాత వానలో గొంగడిని నెత్తి మీది నుంచి కొప్పెర పెట్టుకొని పొలానికి వెళ్లి, తిరిగి వచ్చి దులిపితే నీళ్లు చుక్కలు చుక్కలుగా రాలేవి, లోపల అంగీ పొడిగానే ఉండేది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకొని కూడా తడిసినట్టు అనిపించదని చాలా ఏళ్ల తరువాత చదివినప్పుడు, నాకు మొదట కనిపించింది ఆ దులిపిన గొంగడే. ఎండాకాలంలో కూడా అదే గొంగడి ఆయన నెత్తి మీద ఉండేది. మన ఎండలకు ఉన్ని ఎందుకని అడిగేవారు మంద వెంట రోజంతా నడిచే మనిషిని ఒక్కసారి చూడాలి. కొమురవెల్లి మల్లన్న జాతరకు వెళ్లినా ఆ గొంగడి కనబడుతుంది.

మొన్న దసరాకు ఆ ఊరికి వెళ్లినప్పుడు కత్తిరించిన బొచ్చు చెరువు కట్ట మీద పారబోసి ఉన్నది. కొనేవారు లేరు, కత్తిరించినందుకు కూలి మాత్రం ఎదురు ఇచ్చుకోవాలి. మాంసానికని బొచ్చు లేని నెల్లూరు జాతి గొర్రెలను పెంచుకుంటున్నామని కురుమలే చెప్పారు. కట్ట మీద ఉన్ని కుప్ప, పట్నంలో గొర్రె బొమ్మ ఉన్న ప్లాస్టిక్ దారం! పొద్దున ఇదే ఆవేశంతో టీచరమ్మ ముందు యాక్రిలిక్‌ను మొత్తంగా తిట్టాను.

ఆమె ఒప్పుకోలేదు. ‘బళ్లె మీకు నేర్పింది దేనితోని అనుకున్నవు? గదే దారం. సర్కారు బడి పిల్లలకు మెరినో గొర్రె మెత్తటి ఊలు యాడికెల్లి తెస్తును?’ అన్నారు. అది నిజమే. సీదా, ఉల్టా కుట్లు నా వేళ్లకు పట్టింది చవక దారం మీదనే. అది లేకపోతే మాలో సగం మంది సూది పట్టేవాళ్లమే కాదు. రోజూ ఉతకవలసిన పసిపిల్ల టోపీకి అదే నయమని కూడా అన్నారు. గొంగడి దారాన్ని గొప్పగా పొగిడితే, ‘మెడకు గుచ్చుకుంటది బిడ్డా, ఆ ముచ్చట గూడ చెప్పాలె’ అని ఆపారు. అందుకని ఇప్పుడు నా కోపం యాక్రిలిక్ మీద లేదు, చీటీ మీదనే ఉన్నది. ఈ వాక్యం రాసిన తరువాత కూడా పూర్తిగా నమ్మకం కుదరడం లేదు, ఎందుకంటే చవకగా దొరికేది ఎదురుగా ఉన్నంతకాలం కట్ట మీది కుప్పను ఎవరూ ఎత్తరు.

టీచరమ్మ చేస్తున్న పని చూసినప్పుడు మాత్రం మనసు నిండింది. వాళ్ల సార్ పాత స్వెట్టర్‌ను విప్పి, మనుమరాలికి తిరిగి అల్లుతున్నారు. విప్పిన పోగు వంకర వంకరగా ఉంటుంది కదా, దాన్ని చిలపలుగా చుట్టి, గోరువెచ్చని కుంకుడు రసంలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో అదిమి, కింద చిన్న బరువు వేలాడదీసి నీడలో ఆరబెట్టారట. ఇన్నేళ్లు తొడిగిన ఉన్ని మళ్లీ తిన్నగా, కొత్తదానిలాగా పదో నంబరు సూదుల మీద నడుస్తున్నది. వేడి నీళ్లలో వేసి రుద్దితే పోగు మీది పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని గట్టిపడుతుందని ఆమె బడిలో చెప్పినప్పుడు విన్నాను, ఈ రోజు దాని అర్థం చేతితో తెలిసింది. గొంగడి దారంతో అల్లిన ఒక ఆసనం కూడా చూపించారు. నలుపులో అక్కడక్కడా బూడిద రంగు పోగులు, ఒక కుట్టులో ఇరుక్కొని ఎండిన గడ్డిపరక, ముక్కుకు దగ్గర పెట్టుకుంటే సన్నని గొర్రె వాసన. దాని మీద కూర్చుంటే కింద బండల చల్లదనం తెలియలేదు.

కొత్తవాడ పేరు దర్రీలతో, అంటే నేల మీద పరిచే నేత జంపఖానాలతో నిలబడింది, వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంతకు చాలా ముందు, 1851 లండన్ ప్రదర్శనలో వరంగల్ తివాచీలు పెట్టారు. నేత తెలిసిన ఊరిలో ఉన్నికి చోటు దొరకదని నేను అనుకోను.

అమ్మమ్మ ఊరిలో రాట్నం ఇంకా తిప్పే ముసలమ్మ ఒకరున్నారని మా మేనమామ ఫోనులో చెప్పాడు. సన్నగా వడికి, రెండు పోగులు కలిపి పేని ఇస్తుందేమో అడగమన్నాను. ఆమె చెప్పిన ధరకు బేరం చేయవద్దని కూడా అన్నాను. అత్తమ్మ మోకాళ్ల మీద కప్పుకోవడానికి ఒక దుప్పటి అల్లాలని ఉన్నది, మోకాళ్లకు మెడ అంత సుకుమారం అక్కరలేదు. అంత లావు దారానికి నా దగ్గరున్న సూదులు పనికిరావు. ఆరో నంబరు లావు సూదులు చాలునో, ఇంకా లావువి కావాలో రేపు టీచరమ్మకు ఫోన్ చేసి కనుక్కోవాలి.